రాంబిల్లి తీరం, అణు జలాంతర్గాములు: అనకాపల్లి ఎంపీ గారికి వినతిపత్రం

గౌరవనీయులైన అనకాపల్లి లోక్‌సభ సభ్యుల వారికి,

బెంగళూరు కుందలహళ్ళిలో ఉంటున్న రాంబిల్లి, అచ్యుతాపురం, ఎలమంచిలి ప్రాంతవాసులం నమస్కరించి విన్నవించుకునేది.

అయ్యా,

ఇక్కడ హెచ్‌ఏఎల్ రన్‌వే నుంచి యుద్ధ విమానం లేస్తే మా కిటికీ అద్దాలు అదురుతాయి. దేశరక్షణ కోసం ఆ మాత్రం ఓర్చుకుంటాం. మా విన్నపం అణ్వస్త్రాల గురించి. నేల మీద అగ్ని క్షిపణులు, గాలిలో విమానాలు, సముద్రంలో అరిహంత్, అరిఘాత్ జలాంతర్గాములు. ఈ మూడూ మనకు ఉండి తీరాలా? ఫ్రాన్స్ 1996లో నేల మీది అణు క్షిపణులను తీసేసింది. బ్రిటన్ 1998లో విమానాల అణుబాంబులను కూడా వదిలేసి జలాంతర్గాములతోనే సరిపెట్టుకుంది.

అణ్వస్త్రాన్ని ముందుగా మనం వాడబోమని 2003 జనవరి 4న మన ప్రభుత్వం ప్రకటించింది. ఆ మాట నిలబడాలంటే, దెబ్బ తిన్న తర్వాత కూడా తిరిగి కొట్టే సత్తా మిగలాలి. అందుకు శత్రువు కంటపడని జలాంతర్గామే గట్టి ఆధారమని మేమూ నమ్ముతున్నాం. మరి అదే ఆధారమైతే మిగతా రెండింటి మీద ఎంతవరకు ఖర్చు పెట్టాలో ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పాలి.

మాకు ఎక్కువ దిగులు కలిగించే సంగతి వేరే ఉంది. నేల మీదైతే అణు వార్‌హెడ్‌ను క్షిపణికి తగిలించకుండా విడిగా దాచే వీలుంది. గస్తీకి వెళ్ళిన జలాంతర్గామిలో ఆ వీలు లేదు. రెండూ కలిసే ఉండాలి. 2024 నవంబరులో అరిఘాత్ నుంచి పరీక్షించిన కె-4 క్షిపణి 3,500 కిలోమీటర్లు పోగలదు. నడిసముద్రంలో సమాచార సంబంధాలు తెగిపోతే ఆదేశం ఎవరిది, అడ్డుకట్ట ఎవరిది? రహస్యాలు బయటపెట్టమనడం లేదు. ప్రధాని అధ్యక్షతన ఉన్న అణు కమాండ్ రాజకీయ మండలి అనుమతి లేనిదే ఏ క్షిపణీ కదలదని, ఆ కట్టుబాటు సముద్రంలోనూ చెల్లుతుందని సభలో హామీ ఇప్పించండి.

ఇక మా ఊళ్ళ మాట. అరిహంత్ విశాఖలో పుట్టింది, 2009 జూలై 26న నీళ్ళలోకి దిగింది. ఇలాంటి జలాంతర్గాముల కోసం నౌకాదళ స్థావరం కడుతున్నది మన రాంబిల్లిలో. అక్కడివాళ్ళు భూములిచ్చారు. వలలు ఆరేసుకునే ఇసుక మీద ఇప్పుడు కంచె ఉంది. దేశమంతా ఈ రక్షణను పంచుకుంటుంటే, నష్టం ఒక్క తీరం మీదే పడుతోంది. నిర్వాసితుల కుటుంబాలకు బాకీపడ్డ పరిహారం, ఉద్యోగాల సంగతి ఊరూరా లెక్కతేల్చాలి. అణు రియాక్టర్ ఉన్న ఓడలు ఆగే చోట ప్రమాదం జరిగితే ఎటు పోవాలో, ఎవరు చెప్తారో తెలుగులో కరపత్రం వేసి గ్రామసభల్లో చదివి వినిపించాలి.

వచ్చే సమావేశాల్లో ఈ విషయాలపై చర్చకు మీరే నోటీసు ఇవ్వాలని కోరుతున్నాం.

ఇట్లు,
కుందలహళ్ళిలోని రాంబిల్లి, అచ్యుతాపురం, ఎలమంచిలి ప్రాంతవాసులు