ఆమె అట్లా కూర్చోలేదు

ఆ మధ్య మా కార్యకర్తల కోసం గృహహింస మీద నాలుగు గళ్ల బొమ్మల కథ ఒకటి వేశాను. కథ నా ఊహలోంచి పుట్టింది కాదు. మా సంఘంలో సభ్యురాలు ఒకామె తన నోటితో చెప్పింది. ఆమె అనుమతి తీసుకుని, పేరూ ఊరూ మార్చి, రెండు రాత్రులు కూర్చుని పూర్తిచేశాను. జిరాక్సు తీయించే ముందు ఆమెకొకసారి చూపించడం న్యాయమనిపించి కాగితం పట్టుకుని వెళ్లాను. ఆమె మొదటి రెండు గళ్లూ చూసింది. మూడో గడి మీద వేలు పెట్టింది.

"అక్కా, ఇది నేను గాదు" అంది.

మొహం పోలిక రాలేదంటోందనుకున్నాను. ఎవరూ గుర్తుపట్టకూడదనే మొహం మార్చానని చెప్పబోయాను.

"మొఖం సంగతి గాదు. నేను గిట్ల మూలకు ముడుచుకోని కూసోలె. పిల్లను ఎనకకు నూకి తలుపుకాడ నిలవడ్డ. దెబ్బలు తిన్న గని, నిలవడే తిన్న" అంది.

ఇంటికొచ్చి మా పాత పోస్టర్లూ, కరపత్రాలూ అన్నీ తీసి నేల మీద పరిచాను. వరకట్నం, సారా, లైంగిక వేధింపులు, బాల్యవివాహాలు... విషయం ఏదైనా స్త్రీ మాత్రం ఒక్కతే! మోకాళ్ల మధ్య తల, జారిన జుట్టు, ఒక కన్నీటి చుక్క. వెనక పెద్ద మగ నీడ. మాటల్లో "పోరాడుదాం" అంటున్నాం, బొమ్మలో ఆమెను మూలకు నెడుతున్నాం. ఇరవై ఏళ్లుగా స్త్రీల హక్కుల గురించి మాట్లాడుతున్న నాకు ఈ తేడా కనబడటానికి, తన్నులు తిన్న మనిషే వచ్చి వేలు పెట్టి చూపించాల్సి వచ్చింది.

నా చేతికి ఈ బొమ్మ ఎవరు నేర్పారు? ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. చిన్నప్పటి నుంచి వారపత్రికల్లో సీరియల్ బొమ్మలు చూసి దించుకుంటూ పెరిగాను. సన్నని నడుము, బారెడు జడ, వాలిన కళ్లు. ఏడ్చినా అందంగానే ఏడ్చే ఆడవాళ్లు. తెలుగునాట అందమైన అమ్మాయిని "బాపు బొమ్మ" అనడం వాడుకైపోయింది. 2014లో కన్నుమూసిన బాపు గీత గొప్పదనాన్ని నేను కాదనడం లేదు. అది ఆయన జీవితకాలం చూసి, గీసి సంపాదించుకున్నది. దాన్ని దించుకున్న మనకు వచ్చింది ఆయన గీత కాదు, ఆయన కళ్లజోడు మాత్రమే. ఆ కళ్లజోడులోంచి మా సంఘం స్త్రీలు నాకు కనబడలేదు.

అసలు స్త్రీలకు మనిషి శరీరాన్ని చూసి నేర్చుకునే హక్కే చాలాకాలం లేదు. 1768లో లండన్‌లో రాయల్ అకాడమీ స్థాపించినప్పుడు వ్యవస్థాపక సభ్యుల్లో ఇద్దరు స్త్రీలున్నారు, ఏంజెలికా కౌఫ్‌మన్, మేరీ మోజర్. కొన్నేళ్లకు జోఫనీ అనే చిత్రకారుడు అకాడమీ సభ్యులను ఒక పెద్ద చిత్రంలో వేశాడు. మగ సభ్యులు నగ్న మోడల్ చుట్టూ చేరి చర్చించుకుంటున్నారు. ఈ ఇద్దరు స్త్రీలు మాత్రం గదిలో లేరు! గోడకు తగిలించిన రెండు పటాలై ఉన్నారు. ఎందుకంటే మోడల్ ఉన్న గదిలోకి స్త్రీలు రాకూడదు. ఆ అకాడమీ పాఠశాలలో స్త్రీలకు మోడల్‌ను చూసి గీసే తరగతి 1893లో గాని మొదలవలేదు. అదీ మోడల్‌కు బట్ట చుట్టి. అంటే వందేళ్లకు పైగా స్త్రీలను చూసి గీసే పని మగవాళ్లది, చూడబడే పని స్త్రీలది. పెద్ద చిత్రాలు వేయడం ఆడవాళ్లకు చేతకాదన్నది కూడా వాళ్లే. తలుపు మూసి, లోపలికి రాలేకపోయారని నింద వేయడం మనకు కొత్త కాదు కదా!

ఇదంతా పాత కథ అనుకుంటే మర్జాన్ సత్రపి చెప్పింది వినాలి. ఇరాన్‌లో పెరిగిన ఈమె తన జీవితాన్ని 'పర్సెపొలిస్' పేరుతో బొమ్మల కథగా వేసింది. ఫ్రెంచిలో 2000 నుంచి 2003 దాకా నాలుగు భాగాలుగా వచ్చింది. టెహరాన్‌లో చిత్రకళ చదువుతున్నప్పుడు శరీర నిర్మాణం నేర్పే తరగతిలో మోడల్‌గా వచ్చిన స్త్రీ తల నుంచి కాళ్ల దాకా నల్లటి చాదర్ కప్పుకుని కూర్చుంది. విద్యార్థినులు ఎటు తిరిగి చూసినా ఒకటే నల్లటి కుప్ప. బట్ట మడతలు వేయడం మాత్రం నేర్చుకున్నామని సత్రపి నవ్వుతూ చెబుతుంది. తర్వాత ఒక మగ మోడల్‌ను పెట్టారు. తరగతి అయిపోయాక ఆమె ఉండిపోయి గీసుకుంటుంటే కాపలా అధికారి వచ్చి, పరాయి మగవాణ్ని అట్లా చూడకూడదన్నాడు. మరి తలుపు వైపు చూస్తూ ఇతని బొమ్మ వేయమంటారా అని ఆమె అడిగింది. ఔనన్నాడు! అంత కాపలా మధ్య నేర్చుకున్న ఆమె గీత ఎట్లా తయారైందో చూడండి. నలుపు, తెలుపు, దళసరి గీతలు, గుండ్రటి మొహాలు. చాదర్లలో ఒకేలా కనబడే స్త్రీలను కనుబొమల వంపుతో, పెదవి విరుపుతో, బయటికొచ్చిన నాలుగు వెంట్రుకలతో వేరువేరు మనుషులుగా నిలబెట్టింది. ఆమె శైలి ఆమె బతుకులోంచి వచ్చింది.

నేను కూడా నేర్చుకోవాలని నిర్ణయించుకున్నాను. ఈ వయసులోనా అని ఇంట్లోవాళ్లు నవ్వారు. చిత్రకళ చదువుకున్న ఒక యువ మిత్రురాలు సరేనంది. ఆరుగురు కార్యకర్తలం, అందరిలోకీ చిన్నామెకు ఇరవై నాలుగు, పెద్దామెకు అరవై ఒకటి, శనివారం సాయంత్రాలు ఆఫీసులోనే కూర్చున్నాం. పాత న్యూస్‌ప్రింటు కాగితం, బొగ్గుముక్కలు. మోడల్స్ కూడా మేమే, కట్టుకున్న బట్టల్లోనే, వంతులవారీగా.

మొదటి రోజే ఒక నియమం పెట్టింది: కళ్లూ ముక్కూ వేయకూడదు. మేం ఆరుగురం మొదలుపెట్టేది కళ్లతోనే! ముప్పై సెకన్లలో ఒక బొమ్మ. అంత తక్కువ వ్యవధిలో అందం చూసే తీరిక ఉండదు. మనిషి ఏం చేస్తోందో, బరువు ఎక్కడ మోపిందో అదొక్కటే అందుతుంది. నిలబడ్డ మనిషి మెడ గుంట నుంచి దారం వేలాడదీస్తే, ఆమె ఏ కాలి మీద నిలబడిందో ఆ మడమ దగ్గరికి దిగుతుంది. ఆ వైపు తుంటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందికి దిగుతుంది. చంకలో బిందె పెట్టుకుంటే నడుము రెండో వైపుకు ఒరుగుతుంది, ఖాళీ చెయ్యి దూరంగా చాచుకుంటుంది. రోజూ చేసే పనే, చూసిందెప్పుడు? పుస్తకాల్లో మనిషి ఎత్తు ఏడున్నర తలలని రాస్తారు. పెన్సిల్ చాచి కొలుచుకుంటే మా ఆరుగురిలో ఏడు తలలు దాటింది ఒక్కతే. మేం నవ్వుకున్నాం గాని, ఇన్నాళ్లూ మా పోస్టర్లలో ఉన్నది ఎవరి శరీరాలన్న ప్రశ్న కూడా ఆ రోజే వచ్చింది.

చీర మడతలు కూడా ఇష్టమొచ్చినట్టు పడవు. బట్ట ఎక్కడ పట్టి ఉందో అక్కడి నుంచి పుడతాయి. భుజం, దోపిన కుచ్చిళ్లు, వంగిన మోకాలు. చెంగు నడుముకు దోపుకుని నాట్లేసే ఆమె చీరా, సభలో వేదిక మీద కూర్చున్న ఆమె చీరా ఒకేలా వేస్తే రెండూ అబద్ధాలే. ఇక చేతులు! మా పాత పోస్టర్లలో స్త్రీలందరి చేతులూ చెంగు కిందో, వీపు వెనకో దాక్కున్నాయి. సిగ్గు వల్ల కాదు, మాకు వేళ్లు వేయడం రాక. పని చేసే చేతులు, సంతకం పెట్టే చేతులు, దెబ్బను ఆపిన చేతులు కనబడకుండా స్త్రీల కథ ఎట్లా చెబుతాం? అందుకని రెండు నెలలు చేతులే వేశాం.

ఇక్కడ మోడళ్ల సంగతి కూడా మాట్లాడుకోవాలి. ఇది మన పత్రిక మాట్లాడవలసిన విషయమే. చిత్రకళా కళాశాలల్లో మోడల్‌గా కూర్చునేవాళ్లలో పేద స్త్రీలున్నారు. ఆ పని సంగతి ఇంట్లో చెప్పుకోలేనివాళ్లున్నారు. 2018లో విడుదలైన 'న్యూడ్' అనే మరాఠీ సినిమా కొడుకును చదివించుకోవడానికి ముంబైలో ఈ పని చేసిన ఒక తల్లి కథ. అంతకుముందు ఏడాది గోవా చలనచిత్రోత్సవంలో జ్యూరీ ఎంపిక చేశాక కూడా ప్రభుత్వం దాన్ని జాబితాలోంచి తీసేసింది. గంటల తరబడి కదలకుండా ఉండటం శ్రమ. దానికి తగిన కూలి, మధ్యలో విశ్రాంతి, బట్టలు మార్చుకోవడానికి చాటు, అనుమతి లేకుండా ఫొటో తీయకూడదన్న నియమం, ఇష్టం లేనప్పుడు లేచి వెళ్లే స్వేచ్ఛ... ఇవి ఉన్నాయా లేవా అని అడిగేవాళ్లెవరు? ఆమె శరీరం చూసి నేర్చుకున్నవాళ్లు చిత్రకారులవుతారు, ఆమె మాత్రం పేరు లేనిదవుతుంది. మేం ఒకరికొకరం పది నిమిషాలు కదలకుండా నిలబడి చూశాక, ఆ పని ఎంత కష్టమో మా నడుములకు తెలిసింది.

శరీరాన్ని వేయడమంటే బట్టలు లేకుండా వేయడమే అనుకోవడం కూడా సరికాదు. 1980ల చివర్లో రాజస్థాన్ గ్రామీణ స్త్రీలు వర్క్‌షాపుల్లో కలిసి 'శరీర్ కీ జాన్‌కారీ' అనే పుస్తకం తయారుచేసుకున్నారు. 1989లో కాలీ ఫర్ విమెన్ దాన్ని ప్రచురించింది. మొదట వేసిన నగ్న చిత్రాలు చూసి ఊళ్లోవాళ్లు, మా ఊళ్లో ఆడది ఇట్లా ఎక్కడ కనబడుతుందని అడిగారట. అప్పుడు వాళ్లు కాగితపు మడతలు పెట్టారు. పైన ఘాఘ్రా కట్టుకున్న స్త్రీ, మడత ఎత్తితే లోపల శరీర భాగాలు. వాళ్లు దేన్నీ దాచలేదు, ఎవరినీ నొప్పించలేదు. ఏ చిత్రకళా కళాశాలా నేర్పని ఈ పద్ధతి వాళ్ల చూపులోంచి వచ్చింది.

శైలి గురించి చాలామంది చిన్నవాళ్లు నన్నడుగుతుంటారు, "నాకంటూ ఒక శైలి ఎప్పుడొస్తుంది?" అని. వెతికితే దొరికేది కాదనే అనుకుంటున్నాను. అమెరికాలో ఆలిసన్ బెక్‌డెల్ 2006లో వచ్చిన 'ఫన్ హోమ్' వేసేటప్పుడు, అందులోని ప్రతి మనిషిలాగా తనే నిలబడి, కూర్చుని ఫొటోలు తీసుకుని వాటిని చూసి గీసింది. తండ్రి కూర్చున్న తీరును తన ఒంటితో కూర్చుని తెలుసుకుంది. అంబేడ్కర్ జీవితం మీద 2011లో వచ్చిన 'భీమాయన'కు బొమ్మలు వేసిన దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్‌లది పర్ధాన్ గోండు సంప్రదాయం. మనుషులను గళ్లలో బంధించడానికి వాళ్లు ఒప్పుకోలేదు. మెత్తని మాటకు పక్షి ఆకారం, విషపు మాటకు తేలు కొండి పెట్టారు. ఏడున్నర తలల లెక్క అక్కడ లేదు, అయినా నీళ్లివ్వని ఊళ్లో బాలుడి దాహం మనకు తెలుస్తుంది. మన విశాఖపట్నానికి చెందిన రాగతి పండరి (1965–2015) చిన్నప్పుడే పోలియో బారినపడి కూడా, దాదాపు అందరూ మగవాళ్లే ఉన్న తెలుగు కార్టూన్ల లోకంలో వేలాది కార్టూన్లు వేసింది. ఆమె గీతను సంతకం చూడకుండానే పాఠకులు గుర్తుపట్టేవారు.

ఇప్పుడు కంప్యూటర్‌కు నాలుగు మాటలు చెబితే బొమ్మ క్షణంలో వస్తోంది. పోస్టర్లకు అదే వాడుదామని మా ఆఫీసులో కూడా అడిగారు. "భర్త చేతిలో దెబ్బలు తిన్న పల్లెటూరి స్త్రీ" అని అడిగి చూశాం. ఏమొచ్చిందో చెప్పనక్కర్లేదు. అదే మూల, అవే మోకాళ్లు, అదే కన్నీటి చుక్క. అదీ మాలాగే పాత బొమ్మలు చూసి నేర్చుకుంది కదా! కాకపోతే దాని దగ్గరికెళ్లి "ఇది నేను గాదు" అని వేలు పెట్టి చెప్పే అవకాశం ఆమెకు లేదు. మాకు చెప్పింది. మేం మార్చుకోగలం.

ఆర్నెల్ల తర్వాత మూడో గడి మళ్లీ వేసి పట్టుకెళ్లాను. ఈసారి ఆమె నిలబడి ఉంది. ఒక చెయ్యి వెనక పిల్ల మీద, ఒక చెయ్యి తలుపు చెక్క మీద. చాలాసేపు చూసి, "కాళ్లు ఇంక జర ఎడం పెట్టు, గట్ల నిలవడితె పడిపోత" అంది. పెన్సిల్ ఇచ్చాను. నాకు రాదంది. రోజూ పొద్దున వాకిట్లో పదిహేను చుక్కల ముగ్గు తప్పు పోకుండా వేసే మనిషి! మెల్లగా తీసుకుని రెండు కాళ్లూ తనే సరిచేసింది. గీత వణికింది. అట్లాగే జిరాక్సు తీయించాం. మీటింగుల్లో ఆ కాగితం చూపించినప్పుడు స్త్రీలు ముందు ఆ కాళ్ల గురించే మాట్లాడుతున్నారు.

మిత్రులారా, వచ్చే సంచిక నుంచి రెండు పేజీలు మీ బొమ్మల కథలకు కేటాయిస్తున్నాం. ఒక కాగితం, నాలుగు గళ్లు, మీరు చూసిన ఒక స్త్రీ. ఎవరి కథో వాళ్లకు ముందు చూపించండి, వాళ్లు దిద్దమన్నచోట దిద్దండి, వాళ్లు వద్దంటే పంపకండి. చక్కగా రాలేదని మాత్రం చింపేయొద్దు. చేతులు వేయడం మాకూ ఇంకా సరిగ్గా రావడం లేదు.