కౌంటరు దాకా వచ్చినా ఫోనేనా?

సికింద్రాబాద్‌లో రైల్వే రిజర్వేషన్ కౌంటర్లో పనిచేసి రిటైరయ్యాను. రైల్వే సాఫ్ట్‌వేర్‌ని ఊరికే తిట్టేవాళ్లను చూస్తే ఇప్పటికీ రోషం వస్తుంది. కంప్యూటర్లు వచ్చిన కొత్తలో ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ దేని లెక్క దానిదే. వాటిని కలిపిన కాన్సర్ట్ అనే సాఫ్ట్‌వేర్ మొదట నడిచింది మా సికింద్రాబాద్‌లోనే, 1994లో. 1999 ఏప్రిల్‌కల్లా ఐదూ ఒక్కటయ్యాయి. అంతకుముందు తిరుగు ప్రయాణానికి బెర్తు కావాలంటే అవతలి ఊరికి టెలిగ్రాం కొట్టి జవాబు కోసం చూసే రోజులు. ఆ తర్వాత ఏ కౌంటర్లోనైనా ఏ ఊరి నుంచి ఏ ఊరికైనా టికెట్. 2002లో ఐఆర్‌సీటీసీ దాన్ని ఇంటర్నెట్లోకి తెచ్చింది. అడుగుతున్నది నా కీబోర్డా, కరీంనగర్ కుర్రాడి ఫోనా అన్నది ఆ బెర్తుకు పట్టదు. ముందడిగినవారిదే.

ఇప్పటికీ మంచి పనులు ఉన్నాయి. కౌంటర్లో కొన్న టికెట్‌ని 139కి ఫోన్ చేసి రద్దు చేసుకోవచ్చు. డబ్బుకు మాత్రం కౌంటరుకు రావాల్సిందే, అదీ సగం మంచే!

నా అభ్యంతరం తత్కాల్ మీద. కౌంటర్లో తీసుకునే తత్కాల్ టికెట్‌కీ ప్రయాణికుడి మొబైల్‌కు వచ్చిన ఓటీపీ చెప్పాలని 2025లో నిబంధన పెట్టారు. దళారుల ఆట కట్టించడానికన్నారు. ఫారాల మీద వాళ్లు రాసే దొంగ నంబర్లు మాకు తెలియనివి కావు, కారణం సబబే. కానీ ఫోను చేతకాకనో, లేకనో కదా చాలామంది తెల్లవారుజామునే వచ్చి క్యూలో నిలబడేది? అడ్డా కూలీ దగ్గర ఫోనుంటే దాన్లో రీఛార్జ్ ఉండదు. అమ్మను ఆస్పత్రిలో చేర్చినవాడి ఫోను ఛార్జింగ్ అయిపోయి ఉంటుంది. మనిషి ఎదురుగా నిలబడి ఉండగా, వాడు వాడేనని వాడి జేబులోని యంత్రం చెప్పాలా?

వేరే దారి లేకనా అంటే, ఉంది. తత్కాల్ ఫారంతోపాటు గుర్తింపు కార్డు జిరాక్సు తీసుకుని, ఆ నంబరు కంప్యూటర్లో కొట్టిన రోజులు మాకున్నాయి. బండిలో టీటీఈ అదే కార్డు అడిగేవాడు. ఓటీపీ రానివాళ్లకు ఆ కార్డు నంబరు కొట్టే గడిని కంప్యూటర్లో మళ్లీ తెరవండి. కౌంటరు క్లర్కుకు అదనపు పని అరనిమిషం.