నోరు మూసుకుని రాసుకుందాం రండి

మన తెలుగువాళ్ళు ఇద్దరు కలిస్తే కబుర్లకి అంతుండదని నేను వేరే చెప్పక్కర్లేదు. అలాంటిది పదిహేను ఇరవై మంది చదువుకున్నవాళ్ళు ఒకే గదిలో, ఒకే బల్ల చుట్టూ చేరి, గంటన్నర సేపు పెదవి విప్పకుండా ఎవరి లాప్‌టాప్ వాళ్ళు టకటకలాడించుకుంటూ కూర్చుంటారనీ, ఒక్కోసారి దానికి డబ్బు కట్టి మరీ వెళతారనీ చెబితే నమ్ముతారా? దీన్ని రైటింగ్ రిట్రీట్ అంటారు. రిట్రీట్ అనగానే ధ్యానాలూ, ప్రాణాయామాలూ ఊహించుకోకండి. ఇక్కడికి వచ్చేవాళ్ళు పిహెచ్.డి. విద్యార్థులు, ప్రొఫెసర్లు, పరిశోధకులు. పరిశోధన అయిపోయి, రాయడం మాత్రం మిగిలిపోయిన బాపతు.

ఇది నిన్నా మొన్నా పుట్టిన వింత కాదు. న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన బార్బరా గ్రాంట్ 1997 నుంచీ మహిళా అధ్యాపకుల కోసం ఇలాంటివి నడిపారు. ఇక్కడ అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 2005లో 'డిసర్టేషన్ బూట్ క్యాంప్' మొదలెట్టింది. పేరు చూస్తే మిలిటరీ కసరత్తులా ఉంటుంది కానీ చేయించేది కూర్చోబెట్టి రాయించడమే. 2007లో శాన్ ఫ్రాన్సిస్కో కాఫీ హోటళ్ళలో 'షటప్ అండ్ రైట్' అని ఇంకోటి బయల్దేరి ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాల దాకా పాకింది. 2020లో కోవిడ్ పుణ్యమా అని ఇవన్నీ జూమ్‌లోకి ఎక్కాయి: కెమెరా ఆన్, మైకు ఆఫ్.

వీళ్ళందరిలోనూ నాకు నచ్చినావిడ స్కాట్లాండ్ ప్రొఫెసర్ రోవెనా మర్రీ. ఆవిడ ఈ శిబిరాలని రెండు రకాలుగా విడదీసింది. ఒకటి 'ఏకాంత ఖైదు': ఎవరి గదిలో వాళ్ళు తలుపేసుకుని రాసుకోవడం. రెండోది 'టైపింగ్ పూల్': అందరూ ఒకే గదిలో, ఒకే వేళకి మొదలుపెట్టి ఒకే వేళకి ఆపడం. ఆవిడ ఓటు రెండోదానికి. టైపింగ్ పూల్ అంటే మన ఊళ్ళలో లోయరు, హయ్యరు పరీక్షలకి తయారు చేసే టైపు ఇన్‌స్టిట్యూట్ గుర్తు తెచ్చుకోండి. పక్కవాడి మిషన్ చప్పుడు ఆగకుండా వినిపిస్తుంటే మన వేళ్ళూ ఆగేవి కావు కదా!

టైమ్‌టేబుల్ చూస్తే హాస్టల్ వార్డెన్ వేసినట్టుంటుంది. పొద్దున పావుగంట పరిచయం, గంటన్నర రాత, అరగంట టీ, మళ్ళీ గంట రాత, భోజనం, మళ్ళీ రాత. రాసేటప్పుడు ఇంటర్నెట్ బంద్. ఉపన్యాసాలు లేవు, ఎవరూ ఎవరి రాతా దిద్దరు. మొదలుపెట్టేముందు మాత్రం ఏం రాయబోతున్నారో పక్కవాళ్ళకి చెప్పాలి. "నాలుగో అధ్యాయం పూర్తి చేస్తాను" అంటే చెల్లదు. "శాంపిల్ ఎలా ఎంచుకున్నానో రెండు పేరాలు రాస్తాను" అనాలి. టీ వేళకి అది అయిందో లేదో చెప్పాలి. మా ఐటీ వాళ్ళకి ఇది పాత పాటే. రోజూ పొద్దున్నే స్టాండప్ మీటింగులో మేం చేసేది ఇదే. "ఆల్మోస్ట్ అయిపోయింది" అన్న మాటకి అర్థమేమిటో ఇరవయ్యేళ్ళ సర్వీసులో నాకు బాగానే బోధపడింది లెండి.

ఇంతమంది ఇంత తంటాలు పడడం దేనికంటే, విషయం చిన్నది కాదు కనక. కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ వాళ్ళు 2008లో ప్రకటించిన లెక్కల ప్రకారం, పిహెచ్.డి.లో చేరినవాళ్ళలో పదేళ్ళు గడిచినా పట్టా చేతికొచ్చినవాళ్ళు నూటికి 57 మంది. ఇంజనీరింగులో 64, సాహిత్యం, చరిత్ర లాంటి వాటిలో 49. కోర్సులు, పరీక్షలు అన్నీ అయి, థీసిస్ ఒక్కటే మిగిలినవాళ్ళని ఇక్కడ 'ఏబీడీ' అంటారు. మనవాళ్ళలో ఎంతమంది ఏబీడీలు ఉన్నారో మీ చుట్టూ ఒకసారి చూడండి. ఇండియా నుంచి వచ్చిన పిల్లలకైతే అటు ఐ-ట్వెంటీ మీద తేదీ దగ్గరపడుతుంటుంది, ఇటు ఫండింగ్ ఆగిపోతుంటుంది.

మా ఆవిడ పిన్ని కూతురు అలాంటి ఏబీడీయే. సబ్జెక్టు పబ్లిక్ హెల్త్. ఆరో ఏడు. డేటా అయింది, అనాలిసిస్ అయింది, రెండు అధ్యాయాలు రాయాలి. ఇంట్లో రెండేళ్ళ పిల్లాడు, ఆర్నెల్లకని వచ్చిన అత్తమామలు. ప్రతి శనివారం ఎవరిదో బర్త్‌డే, ఎవరింట్లోనో వ్రతం. "ఇంట్లోనే ఉంటుంది కదా" అని అందరూ తలా ఒక పని చెప్పేవారు. రాసుకోవడం అనేది బయటికి కనపడే పని కాదు కదా! కూర్చుని గోడకేసి చూస్తున్న మనిషిని చూసి ఎవరైనా ఖాళీగా ఉందనే అనుకుంటారు.

ఆ అమ్మాయి చదివే విశ్వవిద్యాలయంలో మూడు రోజుల శిబిరం పెట్టారు. వెళతానంటే వాళ్ళాయన, "మన బేస్‌మెంటు ఖాళీగానే ఉంది కదా, అక్కడికెళ్ళి రాయడం దేనికి?" అన్నాడు. అతను చెడ్డవాడేం కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు. జవాబు వాళ్ళమ్మగారు చెప్పారట: "పురిటికి పుట్టింటికి పంపలేదురా? ఇదీ అలాంటిదే అనుకో. పిల్లాణ్ణి నేను చూసుకుంటాను." చదువు గురించి ఇంత బాగా చెప్పిన ప్రొఫెసర్ని నేను చూడలేదు.

మూడు రోజుల్లో 22 పేజీలు రాసుకొచ్చింది. "అక్కడ నాకెవరూ ఏమీ నేర్పలేదు బావగారూ. నా పక్కన కూర్చున్నావిడది చరిత్ర, ఆవిడ రాసేది నాకు ఒక్క ముక్క అర్థం కాదు. కానీ ఆవిడ ఆపకుండా రాస్తుంటే నాకు ఫోను తీయాలంటే సిగ్గేసింది" అంది.

మన పెద్దలు దీనికి ఒప్పుకుంటారా అన్నది వేరే సంగతి. అల్లసాని పెద్దన పేరు మీద చెప్పుకునే చాటుపద్యంలో, కావ్యం రాయాలంటే ఆటంకాలు లేని చోటు కావాలి, కర్పూర తాంబూలం కావాలి, మంచి భోజనం, ఉయ్యాల మంచం కావాలి అని పెద్ద జాబితాయే ఉంది. అయితే చివరికి, తప్పొప్పులు తెలిసిన రసజ్ఞులూ, చెప్పకముందే గ్రహించే లేఖకులూ, పాఠకులూ కూడా దొరకాలన్నారు. అంటే ఆయనకీ ఒంటరిగా కుదరదన్నమాటే. ఇక కంబైన్డ్ స్టడీ అంటే మనకి తెలియనిదా? మేడ మీద చేరి అర్ధరాత్రి దాకా సినిమా కబుర్లు చెప్పుకున్న బ్యాచీలు కొన్ని ఉన్నమాట నిజమే కానీ, ఇంటర్ గట్టెక్కినవాళ్ళలో చాలామందిని గట్టెక్కించింది ఆ మేడే.

అలాగని ఇదేదో సర్వరోగ నివారిణి అని నేననను. గైడు డ్రాఫ్టు తీసుకుని నాలుగు నెలలు చదవకపోతే ఏ శిబిరమూ ఏం చేయలేదు. అనాలిసిస్ తేలకుండా వెళితే మూడు రోజులూ తెల్ల స్క్రీనే దిక్కు. కొన్నిచోట్ల అధ్యాపకుల నెత్తిన ఏడాదంతా కమిటీలు రుద్ది, చివర్లో రెండు రోజులు రిట్రీట్‌కి పంపి చేతులు దులుపుకుంటారు. అది నాకు నచ్చదు. పైగా సోమవారం ఇంటికొచ్చాక మళ్ళీ మామూలే. అందుకే మా మరదలూ, ఆ చరిత్ర ఆవిడా ఇప్పటికీ ప్రతి మంగళవారం రెండు గంటలు జూమ్‌లో నోరు మూసుకుని కూర్చుంటున్నారు. మూడో అధ్యాయం గైడు ఒప్పుకున్నాడు. చివరిది నడుస్తోంది.

ఇక అసలు మాట. మన సంఘం హాలు ఉగాదికీ, దసరాకీ, పిల్లల డాన్సు క్లాసులకీ పోను చాలా శనివారాలు పొద్దుటిపూట తాళం వేసే ఉంటుంది. నెలకొక శనివారం, తొమ్మిదింటి నుంచి ఒంటిగంట దాకా దాన్ని రాసుకునేవాళ్ళకి ఇమ్మని కార్యవర్గాన్ని అడిగాను. పిహెచ్.డి. వాళ్ళే రానక్కర్లేదు. ఉద్యోగం చేస్తూ పేపరు రాస్తున్న డాక్టర్లు రావచ్చు, ఊరి చరిత్ర రాద్దామని పదేళ్ళుగా అనుకుంటున్న పెద్దవాళ్ళు రావచ్చు. పిల్లల్ని పక్క గదిలో చూసుకోవడానికి ఇద్దరు అమ్మమ్మలు ముందుకొచ్చారు, ఇంకొకరుంటే బాగుంటుంది. వై-ఫై పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ చెప్పం. ఇడ్లీలు పదకొండింటికి, అప్పటిదాకా మాటల్లేవు.