మా వేసవి పద్యము

పదునాలుగవ యేట మేమొక పద్యమాలికను వ్రాసితిమి. దాని పేరు “గ్రీష్మాంతము”. మొన్న పాత పెట్టె సర్దుచుండగా ఆ కాగితము మరల మా చేతికి దొరకినది. యతి రెండుచోట్ల తప్పినది. ప్రాస మాత్రము కుదిరినది. ఆ తప్పులను గూర్చి మాకు చింత లేదు. చింత మరియొకటి. ఆ పద్యములలో ఆకులు బంగారువన్నె దాల్చి రాలుచున్నవి, పొగమంచు దిగుచున్నది, పక్షులు దక్షిణదిశకు పయనమగుచున్నవి, కవి వేసవిని పోవలదని వేడుకొనుచున్నాడు. ఇదియెల్ల అనంతపురము జిల్లాలో, రోహిణి కార్తె కడపటి దినములలో, రోళ్లు పగులు ఎండలో కూర్చుండి వ్రాసినది సుమా!

ఆనాడు మా యింట జరుగుచున్నదేదియు పద్యమున లేదు. వసారాలో అమ్మయు అవ్వయు విత్తనమునకై వేరుసెనగకాయలు ఒలుచుచుండిరి. అవ్వ బొటనవ్రేలు పుండుపడి యుండెను. నాయన గొఱ్ఱు బాగుచేయించి గోడకు చేర్చి, దినమునకు పదిమారులు నైరృతిమూల ఆకాశమును చూచుచుండెను. ఆ జిల్లాలో సంవత్సరమునకు కురియు వాన సగటున రమారమి 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరృతి మేఘములు పడమటి కనుమలకు అవతలనే తమ నీటిలో చాల భాగమును కుమ్మరించి, మిగిలిన కొంచెముతో మా సీమకు వచ్చును. అట్టి యింటి బిడ్డడు వేసవిని పోవలదనెను! పద్యము విని నాయన కోపింపలేదు. “అది పోకుంటే మనము తినేదేమి నాయనా?” అని మాత్రమని, వాకిటిలోనికి పోయి మొగము పైకెత్తి నిలిచెను.

ఆ మంచును, ఆ రాలుటాకులను మేమెక్కడినుండి తెచ్చితిమి? ఇంగ్లీషు వాచకమునుండి. ఆ కవులను నిందింప మాకు మనసు రాదు. కీట్సు మహాకవి 1819వ సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీ, ఆదివారమునాడు, వించెస్టరు పట్టణము చెంత షికారు పోయి, కోత ముగిసిన పొలములను చూచి, శరత్తును గూర్చిన తన గీతమును రచించెను. ఆయన చూచినది ఆయన వ్రాసెను. మేమును ఆయన చూచినదే వ్రాసితిమి! ఆ చలిసీమకు వేసవి కొలదిదినముల చుట్టము. అది పోవునపుడు దిగులు సహజము. కాళిదాసుని ఋతుసంహారమో, గ్రీష్మముతో ఆరంభమై వెంటనే వర్షర్తువులోనికి సాగును. మన వేసవి కొసను వేచియుండవలసినది మృగశిర చినుకు, తడినేలపై ఆరుద్ర పురుగు.

చూడని దానిని ఊహించి వ్రాయరాదా యని కొందరనవచ్చును. వ్రాయవచ్చును; మేము కాదనము. కాని మేమాదినమున ఊహించితిమని చెప్పుటకు నోరు రాదు. అవ్వ వ్రేలు కంటికెదురుగా నుండగా, అది పద్యమునకు తగిన వస్తువు కాదని తలత్రిప్పుకొంటిమి. నేటికిని పాఠశాల పత్రికలకు వచ్చు పద్యములను చూడగా, ఆ తలత్రిప్పుట మాతో ముగియలేదని తోచుచున్నది.

అయినను ఆ కాగితమును చింపలేకున్నాము. కడపటి పద్యమున ఒక రేకుపెట్టె వచ్చుచున్నది. బడి తెరచు దినము సమీపించినది. మేము వసతిగృహమునకు పోవలెను. అమ్మ ఆవకాయ జాడీని పాతచీర గుడ్డలో చుట్టి పెట్టెలో నుంచుచున్నది. అందు మంచు లేదు, పక్షులు లేవు. మాట మోటు. యతి తప్పిన చోట్లలో ఒకటి అదియే. అక్కడ మాత్రము మా మొర నిజమైనది. వేసవి పోవుట నాయనకు బ్రదుకు. మాకు అమ్మను విడుచుట. ఒకే యింట, ఒకే వారమున, ఈ రెండును నుండెను. రెంటిని ఒక్కచోట నిలుపుటకు ఆనాడు మాకు చేతకాలేదు. నేడు కూర్చుండి ప్రయత్నించితిమి, నాలుగు పాదములు దాటలేదు.

ఆ యేడు జూన్ మాసమున వాన రాలేదు. జులై నడుమ వచ్చినదని జాబు వచ్చెను. అప్పటికి మేము వసతిగృహమున నుంటిమి. నాయన విత్తుట మేము చూడలేదు.