మడుగుల పేర్లు రాసిపెట్టుకోండి

శనివారం సాయంత్రం రాజమండ్రి గోకవరం బస్టాండ్‌లో మమ్మల్ని చూస్తే మీకు నవ్వొస్తుంది. డిగ్రీ అయిపోయినోళ్లం ఇద్దరం, ఇంకా చదువుతున్నోళ్లు ముగ్గురు. ఒకడి భుజాన గోనెసంచిలో విసురువల, ఇంకొకడి చేతిలో నైలాన్ తాడు చుట్ట, బ్యాగుల్లో గాలాలు, నోటు పుస్తకాలు, బిస్కెట్ పాకెట్లు. కండక్టర్ ఒకాయన మమ్మల్ని చూసినప్పుడల్లా అదే మాట. "ఏం తమ్ముడూ, డిగ్రీ చదివి చేపల వ్యాపారం పెట్టారా?"

వ్యాపారం కాదు. ఆదివారం పిల్లల్ని వాగు దగ్గరికి తీసుకెళ్తాం. ఊరి పెద్దోళ్లు వాళ్లకి చేప పట్టడం, వల అల్లడం, అడవిలో జాడ చూడడం నేర్పుతారు. మేం వెంట ఉంటాం, అంతే. మా గుంపుకి పేరు లేదు, బ్యానర్ లేదు. పేరు పెడదామని రెండుసార్లు కూర్చున్నాం, రెండుసార్లూ గొడవపడి లేచిపోయాం.

మొన్న మన అన్న ఒకాయన, మంచి ఉద్యోగంలో ఉన్నాయన, మొహం మీదే అడిగాడు. "పిల్లలు లెక్కలు, ఇంగ్లీషు నేర్చుకోవాల్సిన వయసులో చేపలు పట్టిస్తారా? మనల్ని అడివోళ్లనే మాట పోగొట్టుకోడానికి ఇన్నాళ్లు పట్టింది కదరా." ఇదే మాట బయటోళ్లు అంటే పట్టించుకునేవాణ్ణి కాదు. అన్నది మనోడు, అందులోనూ కష్టపడి చదివినోడు. అందుకే రాస్తున్నా.

అన్నా, చదువు వద్దని మేం అనలేదు. నేను కూడా ఆశ్రమ పాఠశాల అన్నం తిని పెరిగినవాణ్ణే. కానీ ఒక్కసారి క్యాలెండర్ చూడు. మన వాగుల్లో చేప ఎప్పుడు కదులుతుంది? తొలకరి పడి, ఎర్రనీళ్లు దిగినప్పుడు. గుడ్లతో ఉన్న చేప ప్రవాహానికి ఎదురెక్కి చిన్న కాలవల్లోకి, పొలాల్లోకి వస్తుంది. మన పెద్దోళ్లకి ఏడాది మొత్తంలో అసలు పాఠం ఆ పది పదిహేను రోజులే. మన రాష్ట్రంలో బడులు తెరిచేది జూన్ 12 ప్రాంతంలో. వాగు మాట్లాడే రోజుల్లో పిల్లాడు హాస్టల్ గదిలో ట్రంకుపెట్టె సర్దుకుంటున్నాడు. దసరాకి వస్తాడు, సంక్రాంతికి వస్తాడు, ఎండాకాలం వస్తాడు. చేప ఎదురెక్కడం మాత్రం పదేళ్లలో ఒక్కసారి కూడా చూడడు. ఇందులో ఎవరూ కుట్ర చేయలేదు. క్యాలెండర్ వేసినోళ్లకి మన వాగు తెలియదు, అంతే. కానీ ఒక తరం అలాగే పోయింది. నేను ఆ తరంవాణ్ణే. ఇరవై ఏళ్లు దాటేదాకా నాకు విసురువల విసరడం రాదు. ఇప్పటికీ సరిగా రాదు, పిల్లలే నవ్వుతారు.

పునరావాస కాలనీ పిల్లల సంగతి ఇంకా వేరు. పోలవరం కాఫర్ డ్యామ్ వెనక నీళ్లు నిలిచి 2021లో దేవీపట్నం మండలం ఊళ్లు ఖాళీ అయ్యాయి. అప్పుడు తల్లి చంకలో వచ్చిన పిల్లలు ఇప్పుడు బడికి పోతున్నారు. వాళ్ల నాన్నలు గోదారి ఒడ్డున పుట్టి, నడక రాకముందే నీళ్లలో కూర్చున్నవాళ్లు. ఈ పిల్లలకి చేప అంటే ఆదివారం బండి మీద ఐసు పెట్టెలో వచ్చే చెరువు శీలావతి. ఒక పిల్లాణ్ణి వాగులోకి దిగమంటే చెప్పులు విప్పకుండా నిలబడ్డాడు. వాళ్ల నాన్న పక్కనే ఉన్నాడు. ఏమీ అనలేదు, మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆ మొహం చూశాక ఈ పని మానకూడదని నాకు గట్టిగా అనిపించింది.

నీళ్లు తెలియడం అంటే ఏంటో 2019 సెప్టెంబర్ 15న లోకమంతా చూసింది. కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది. 26 మంది బతికి బయటపడ్డారంటే కారణం ఒడ్డున ఉన్న ఊళ్లోవాళ్లు పడవలేసుకుని వరద గోదాట్లోకి వెళ్లడమే. సైరన్ ఏదీ మోగలేదు, ఆర్డర్ ఏదీ రాలేదు. సుడి ఎక్కడ తిరుగుతుందో, మనిషి ఎక్కడ తేలతాడో వాళ్లకి తెలుసు. అలాంటివాళ్లు ఇప్పుడు సిమెంటు ఇళ్ల మధ్య కూర్చున్నారు. వాళ్లకి తెలిసినది వాళ్ల పిల్లలకి వెళ్లే దారేది?

మొదట్లో మేం చేసిన తప్పులు కూడా చెప్పాలి. మొదటి ఆదివారం రాజమండ్రిలో కొన్న సన్నకన్ను నైలాన్ వల పట్టుకుని, పన్నెండుమంది పిల్లల్ని వేసుకుని, మేమే గురువుల్లాగా బయల్దేరాం. ఒక్క చేప పడలేదు. పైగా ఒక పిల్లాడు పాచిబండ మీద జారి మడుగులో పడ్డాడు. మా సీనియర్ దూకి జుట్టు పట్టుకుని లాగాడు. నీళ్లు నడుములోతే, ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మారేడుమిల్లి దగ్గర పాములేరు వాగు పైకి ఎంత నెమ్మదిగా కనిపిస్తుందో మీకు తెలుసు. ఎంతమంది చదువుకునే పిల్లల్ని మింగిందో కూడా తెలుసు.

రెండో వారం ఓ తాత దగ్గరికెళ్లి కూర్చున్నాం. మా కొండరెడ్ల తాతే. జరిగింది విని ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "నీళ్ల రంగు చూశారా?" చూడలేదు. "గాలి ఎటుంది?" తెలీదు. "ఈత వచ్చినోళ్లు ఎంతమంది?" అడగలేదు. తాత చుట్ట వెలిగించుకుని, "మరి చదివిందేంట్రా మీరు" అన్నాడు.

అప్పట్నుంచి ముందు నడిచేది పెద్దోళ్లే. ఈత రాని పిల్లాడికి మొదట ఈతే, వల తర్వాత. వరద రోజుల్లో పిల్లలెవరూ నీళ్లలోకి దిగరు, గట్టున కూర్చుని చూస్తారు. తాడు లేకుండా వెళ్లం. ఇంకో విషయం, పెద్దాయన ఒక రోజు మనతో వస్తే ఆయనకి కూలి పోతుంది. "సంస్కృతి" అని చెప్పి ఊరికే తిప్పకూడదు. మేం తలా కొంత వేసుకుని ఆ రోజు కూలి ఇస్తాం. తీసుకోడానికి వాళ్లు సిగ్గుపడతారు, ఇవ్వకపోతే మనం సిగ్గుపడాలి.

తాత నేర్పింది ఒకటి చెప్తా. కొర్రమీను పిల్లలు పెట్టినప్పుడు నీళ్లపైన ఎర్రగా చిన్న గుంపు తిరుగుతుంది. దాని కిందే తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఆ గుంపు పక్కన ఏది కదిలినా మీదపడి కరుస్తాయి. అంటే అప్పుడు గాలం వేస్తే పెద్ద కొర్రమీను పడడం ఖాయం. తాత పిల్లలకి ఆ గుంపు చూపించి, గాలం ఎలా ఆడించాలో చేత్తో చూపించి, "వెయ్యకండి" అన్నాడు. తల్లిని తీస్తే ఆ గుంపంతా గంటలో వేరే చేపల నోట్లోకి పోతుందట. ఒక పిల్ల అడిగింది, "ఎవరూ చూడనప్పుడో తాతా?" తాత నవ్వేశాడు గానీ సమాధానం చెప్పలేదు.

మావు అల్లడం కూడా అలాగే. వెదురు బద్దలతో అల్లే బుట్ట, మూతి దగ్గర బద్దల కొనలు లోపలికి తిరిగి ఉంటాయి. చేప లోపలికి పోతుంది, వెనక్కి రాలేదు. అల్లడం రెండు ఆదివారాల్లో వచ్చేస్తుంది. ఎక్కడ పెట్టాలన్నదే అసలు విద్య. వాగుకి అడ్డంగా మొత్తం కట్టకూడదు, ఒక పక్క దారి వదలాలి అంటాడు తాత. ఇదే వాగులో ఇప్పుడు బ్లీచింగ్ పౌడర్ చల్లేవాళ్లున్నారు, పురుగుమందు పోసేవాళ్లున్నారు, కరెంటు తీగ పెట్టేవాళ్లున్నారు. అందులో మనోళ్లూ ఉన్నారు, దాచిపెట్టి లాభం లేదు. పోయిన వేసవిలో ఒక మడుగు దగ్గరికి వెళ్తే వేలు పొడవు పిల్లచేపలు తెల్లగా తేలి ఉన్నాయి. పిల్లలు మాట్లాడలేదు. ఆ రోజు పాఠం అదే అయ్యింది.

మొదట్లో మగపిల్లలే వచ్చేవారు. ఊరి అక్క ఒకామె మమ్మల్ని ఆపి, "బుట్టలేసి పరిగెలు, రొయ్యలు, ఎండ్రకాయలు పట్టి ఇల్లు నడిపేది మేము, నేర్పేది మగోళ్లకా?" అని దులిపేసింది. ఇప్పుడు ఆమె కూడా నేర్పుతుంది. ఆడపిల్లలే ఎక్కువ వస్తున్నారు.

ఇక వేట. చాలామంది ఇన్‌బాక్స్‌లో అడిగేది ఇదే. విల్లంబులు నేర్పుతారా? ఉచ్చు వేయడం చూపిస్తారా?

వేట మన తప్పని నేననుకోను. భూమి పండుగలో మగాళ్లు విల్లు పట్టుకుని అడవికి పోవడం మన మన్యంలో ఎవరు నేర్పితే వచ్చింది? అడవి ఖాళీ అయ్యింది మన విల్లు వల్ల కాదు. కానీ చట్టం ఏం చెప్తుందో పిల్లలకి దాచకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో చంపడం ఒక్కటే వేట కాదు. ఉచ్చు వేయడం వేటే, తరమడం వేటే, ప్రయత్నం కూడా వేటే. మన పిల్లలు ఆటగా పట్టే ఉడుము ఆ చట్టంలో పులితో సమానంగా మొదటి షెడ్యూల్‌లో ఉంది. అలుగు కూడా అంతే. ఆ షెడ్యూల్ జంతువుని వేటాడితే శిక్ష 3 నుంచి 7 ఏళ్ల జైలు. అలుగు కావాలని పట్నం నుంచి ఫోన్ చేసేవాడు దొరకడు, డబ్బు ఆశపడ్డ మనోడు దొరుకుతాడు.

2006 అటవీ హక్కుల చట్టం వచ్చినప్పుడు మనం పండగ చేసుకున్నాం. అందులో 3(1)(ఎల్) చదవండి. సంప్రదాయంగా అనుభవిస్తున్న ఇతర హక్కులన్నీ ఇచ్చి, వేటని మాత్రం పేరుపెట్టి మినహాయించారు. ఇవ్వడం అసాధ్యం కాదు. అదే 1972 చట్టం 65వ సెక్షన్‌లో నికోబార్ దీవుల షెడ్యూల్డ్ తెగల వేట హక్కుని ముట్టుకోమని రాసి ఉంది. అక్కడ కుదిరింది ఇక్కడ ఎందుకు కుదరదని అడగాలి. అడిగేది మనం, సభల్లో, కోర్టుల్లో. పన్నెండేళ్ల పిల్లాడి చేతిలో ఉచ్చు పెట్టి వాడితో అడిగించకూడదు. ఒకసారి దారిలో మా పిల్లల దగ్గరున్న విల్లుల్ని చూసి గంటన్నర నిలబెట్టి ప్రశ్నలేశారు. గడ్డిమోపు మీద గురిపెట్టడానికి తెచ్చినవి అవి. ఆ పిల్లల్లో ఒకడు తర్వాత రెండు నెలలు రాలేదు.

అందుకని మా గుంపులో ఉచ్చు నేర్పం, జంతువు మీద బాణం వేయం. దీని మీద మాలో మాకే పడదు, ఓ మావ అయితే "సగం విద్య నేర్పి ఏం లాభం" అని అలిగాడు. ఆయన మాటలో నిజముంది. అయినా నేను ఒప్పుకోలేదు. జాడ చూడడం నేర్పుతాం. కణుజు అడుగేది, అడివిపంది అడుగేది, పెంటిక తడిగా ఉందా ఆరిందా, గాలి మన వైపు నుంచి పోతోందా. కదలకుండా అరగంట కూర్చోవడం అన్నిటికంటే కష్టం, ఫోన్ లేని అరగంట మరీ కష్టం. విల్లు గడ్డిమోపు మీద. రాజస్థాన్ ఆదివాసీ బిడ్డ లింబా రామ్ వెదురు విల్లుతోనే మొదలుపెట్టి 1988, 1992, 1996 ఒలింపిక్స్‌కి వెళ్లాడని చెప్తే పిల్లలు మోపుని ఇంకో పది అడుగులు వెనక్కి జరుపుతారు.

కెనడా ఉత్తరాన నునావుట్‌లో ఆర్వియాట్ అనే ఇన్యూట్ ఊరుంది. అక్కడ పదేళ్లకు పైగా పెద్దలు పిల్లలకి వేట, చేపల పట్టు నేర్పుతున్నారు. మంచు ఎక్కడ పలచబడిందో పిల్లలే గమనిస్తారు, పట్టింది ఊళ్లో పెద్దలకి పంచుతారు. వాళ్లకి 1993 భూమి ఒప్పందంలో వేట హక్కు రాతపూర్వకంగా ఉంది. మనకి లేదు. కానీ చేప విషయంలో ఉంది. ఈ పోస్టు రాయడానికి అసలు కారణం అదే.

అటవీ హక్కుల చట్టం 3(1)(డి) చూడండి. నీటి వనరుల్లోని చేపల మీద, ఇతర ఉత్పత్తుల మీద సమాజానికి హక్కు. అభయారణ్యం, జాతీయ పార్కు కూడా ఆ చట్టంలో అటవీ భూమే. పాపికొండలు 2008లో జాతీయ పార్కు అయ్యిందని ఆ హక్కు ఎగిరిపోదు. కాకపోతే అడగాలి, ఫారం-బి నింపి గ్రామసభలో పెట్టాలి. మన ఊళ్లలో పట్టా కోసం ఫారం-ఎ నింపినంత ఉత్సాహంగా ఫారం-బి నింపినోళ్లు ఎంతమంది? నింపినా చేపల గడి దగ్గర ఏం రాశారు? నేను చూసిన ఒకదాంట్లో "వాగు" అని ఒక్క మాట. ఏ వాగు, ఏ మడుగు, ఎవరు, ఏ నెలలో?

నియమాల్లో 13వది చదవండి. సాక్ష్యాల్లో ఒకటి, దరఖాస్తుదారులు కాని పెద్దల మాటని కాగితం మీద రాసింది. సామూహిక అటవీ వనరుకి చూపించే సాక్ష్యాల్లో చేపలు పట్టే చోట్లు కూడా పేరుపెట్టి ఉన్నాయి. ఇదొక్కటే సరిపోదు, ఒకటికి మించి సాక్ష్యాలుండాలి. కానీ మొదలు ఇక్కడే. మన తాతల మాట చట్టం ముందు సాక్ష్యం, ఎవరో ఒకరు రాయాలి అంతే.

నోటు పుస్తకాలు అందుకే. చేప పట్టడం అయ్యాక గట్టున కూర్చుని పిల్లలు రాస్తారు. మడుగు పేరు, ఆ పేరు ఎందుకొచ్చింది, ఏ చేప, ఏ నెల, చిన్నప్పుడు తాత ఎవరితో వచ్చాడు. రాత వంకరగా ఉంటుంది, తప్పులుంటాయి, దిద్దం. కింద తాత వేలిముద్ర, తేదీ. లెక్కలూ రాతా ఎక్కడ నేర్పుతున్నారని అడిగిన అన్నకి ఆ పుస్తకం చూపించాను. తిరగేశాడు. తర్వాతి ఆదివారం వస్తానన్నాడు, రాలేదు, ఫారం-బి జిరాక్సులు పంపాడు.

మునిగిన ఊళ్ల మడుగులు కూడా రాయిస్తున్నాం. వాటి మీద హక్కు ఏ ఫారంలో అడగాలో నాకింకా స్పష్టం కాలేదు, తెలిసిన లాయరన్నలు చెప్పండి. కానీ ఆ పేర్లు తెలిసినవాళ్లు డెబ్బై దాటారు.

మీరు రాజమండ్రిలోనో కాకినాడలోనో చదువుతుంటే నెలకి ఒక ఆదివారం చాలు. వల విసరడం రానక్కర్లేదు. ఈత, ఓపిక, చేతిరాత ఉంటే చాలు. మా దాకా రాలేకపోతే మీ ఊళ్లోనే మొదలుపెట్టండి. పోయిన వారం ఒక పెద్దాయన పై నుంచి కిందికి మడుగుల పేర్లు వరసగా చెప్తూ పోయాడు, పిల్ల రాస్తూ పోయింది. ఒకచోట ఆగిపోయాడు. బండ గుర్తుంది, పక్కన మద్దిచెట్టు గుర్తుంది, అక్కడ పట్టిన వాలుగ గుర్తుంది, పేరు రాలేదు. పిల్ల ఆ వరస ఖాళీగా వదిలి కిందికి వెళ్లింది. దేవీపట్నం వైపు మీ ఇంట్లో ముసలోళ్లు ఎవరైనా ఉంటే అడిగి చెప్పండి, ఆ వరస నింపాలి.