బిడ్డకు బువ్వ ఎప్పుడు మొదలుపెట్టాల? సుగ్గికి పోయేలోపల ఒక మాట



ఈ పేజీలో ఎప్పుడూ పత్తి, బుడ్డలు, ఉల్లిగడ్డ రేటు గురించే రాస్తుంటా. ఈరోజు చంటిపిల్లల బువ్వ గురించి రాస్తాండా. "అది ఆడోళ్ల సంగతి, నీకెందుకు" అనేవాళ్లు ఉంటారని తెలుసు. నేను చెప్పదలుచుకున్నది కూడా అదే, ఇది వట్టి ఆడోళ్ల సంగతి కాదు అని. మొత్తం చదివినాక తిట్టాలనిపిస్తే తిట్టండి.

మన కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం పక్క ఊర్లలో చంటిబిడ్డకు బువ్వ ఎప్పుడు మొదలైతాదో చూడండి. డాక్టరమ్మ ఒక తేదీ చెప్తాది, అయ్యవారు పంచాంగం చూసి ఇంకో తేదీ చెప్తాడు. కానీ చాలా ఇండ్లల్లో ఆ తేదీ పెట్టేది సుగ్గి బండి. గుంటూరు పక్కకు మిరపకాయల కోతకు బండి ఎప్పుడు కదుల్తాదో, ఆ లోపల బిడ్డకు ఏదో ఒకటి తినడం అలవాటు చేసేయాల. లేకుంటే తల్లి పోయేదెట్లా?

లెక్క వేసి చూడండి. వినాయక చవితికి పుట్టిన బిడ్డకు సంక్రాంతి దాటి బండి ఎక్కే నాటికి నాలుగు నెలలు నిండి కొన్ని రోజులు అయింటాయి. అవ్వ దగ్గర వదిలిపోతే ఎనుము పాలు, పప్పు కట్టు, టీలో ముంచిన బిస్కట్టు. ఎత్తుకొని పోతే మిరప చేను గట్టున చీర ఉయ్యాల, పక్కన కాపలాకు ఏడెనిమిదేండ్ల అక్క. ఆ అక్క బడి కూడా పోయినట్లే. బిడ్డ ఏడిస్తే ఆ పిల్ల చేతిలో ఏముంటే అది నోట్లో పెడతాది. ఎట్లైనా నాలుగో నెలకే తిండి మొదలు.

ఇంకో రకం ఇండ్లున్నాయి. అక్కడ తల్లి ఊర్లోనే ఉంటాది, పాలు బాగానే ఉంటాయి, బిడ్డ పది నెలలకు వచ్చినా పాల మీదనే. "పండ్లే రాలేదు, ఏం నములుతాడు?" అంటారు. ఇది మన ఒక్క ఊరి సంగతి కాదు. 2019-21లో దేశమంతా చేసిన కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆరు నుంచి ఎనిమిది నెలల వయసు పిల్లల్లో తల్లిపాలతో పాటు మెత్తటి బువ్వ అందుతున్నది నూటికి 46 మందికే. పల్లెల్లో 44. సగం మందికి పైగా పిల్లలకు సరైన వయసులో బువ్వ అందడం లేదు. తొందరపడి చెడగొట్టేది ఒక రకం, ఆలస్యం చేసి చెడగొట్టేది ఒక రకం.

సరైన వయసు ఏది? ఆరు నెలలు నిండినాక. అంటే 180 రోజులు. అంతవరకు తల్లిపాలు తప్ప చుక్క నీళ్లు కూడా వద్దంటారు. మన దగ్గర అందరూ అడ్డం తిరిగేది ఈడనే. "ఏప్రిల్ ఎండలకు పెద్దోళ్లకే నాలుక పీకుతాది, పసిబిడ్డకు నీళ్లు పట్టకుంటే ఎట్లా?" తల్లిపాలలో నూటికి 87 పాళ్లు నీళ్లే. ఎండ ఎక్కువైతే ఎక్కువసార్లు రొమ్ము ఇస్తే చాలు. నీళ్లు తాగాల్సింది తల్లి. మన ట్యాంకు నీళ్లు, బోరు నీళ్లు ఎట్లుంటాయో నేను చెప్పే పని లేదు. ఆ నీళ్లతో నాలుగు నెలల బిడ్డకు ఒక్కసారి విరేచనాలు పట్టుకుంటే నెల రోజుల్లో పెరిగిన బరువు మూడు రోజుల్లో పోతాది.

మరి ఆరు నెలల తర్వాత పాలు ఎందుకు చాలవు? బిడ్డ కడుపులో ఉన్నప్పుడు తల్లి నుంచి ఇనుము దాచుకొని పుడతాది. ఆ దాచుకున్నది ఆరు నెలలకు అటూ ఇటూగా అయిపోతాది. పాలలో ఇనుము బహు తక్కువ. ఎనుము పాలు, ఆవు పాలు ఎన్ని తాపినా ఆ లోటు తీరదు, పైగా పాలతోనే కడుపు నిండి బువ్వ ముట్టడు. అదే సర్వేలో ఆరు నెలల నుంచి అయిదేండ్ల లోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తం తక్కువ అని తేలింది. బిడ్డ తెల్లగా, బొద్దుగా ఉన్నాడని మురిసిపోతాం. కింది రెప్ప తీసి చూస్తే అది కూడా తెల్లగానే ఉంటాది.

ఇంక పంచాంగం మాట. అన్నప్రాశన మగబిడ్డకు సరి నెలలో, ఆడబిడ్డకు బేసి నెలలో చేయాలంటారు. మగోడికి ఆరో నెల, ఆడపిల్లకు అయిదో నెల. ఈ లెక్కలో ఒక మెలిక ఉంది, చాలామంది గమనించరు. "ఆరో నెల" అంటే అయిదు నిండి ఆరోది నడుస్తుండేది. "అయిదో నెల" అంటే నాలుగు నిండింది అంతే. డాక్టరు చెప్పే "ఆరు నెలలు" అంటే ఆరూ నిండినాక. మాట ఒకటే, మధ్యలో తేడా నెల. ఆడపిల్లకు ఆ తేడా రెండు నెలలు. అన్నప్రాశన మానుకోమని నేను చెప్పను, నాకూ దేవుడంటే భయభక్తులున్నాయి. ఆడబిడ్డకు ఏడో నెలలో పెట్టుకోండి, అది బేసి నెలే, ఆరు నిండుతాయి, అయ్యవారు కూడా కాదనడు. మగబిడ్డకు ఆరో నెలలోనే ముహూర్తం కుదిరితే పాయసం పెదవికి తాకించి శాస్త్రం ముగించి, అసలు తినిపించడం నెల నిండినాక మొదలుపెట్టండి. సుగ్గికి ముందే అయిపోవాలని నాలుగో నెలకు ముహూర్తం పెట్టించుకోవడం మాత్రం ఏ శాస్త్రంలోనూ లేదు.

"మాకు ఆ కాలంలో నర్సమ్మే నాలుగు నెలలకు పెట్టమని చెప్పింది కదా" అని మన ఇంట్లో అవ్వలు అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఒకప్పుడు నాలుగు నుంచి ఆరు నెలల మధ్య అనే చెప్పేవాళ్లు. పసిపిల్లల డబ్బా పాల మీద 1992లో మన దేశం చేసిన చట్టంలో కూడా నాలుగు నెలలు అనే ఉండె. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు నెలలు అని తేల్చింది, 2003లో మన చట్టంలోనూ ఆరు అని మార్చినారు. యూరప్ డాక్టర్లు ఇప్పటికీ నాలుగు నిండినాక ఇవ్వొచ్చు, ఆరు దాటనీయొద్దు అంటారు. వాళ్ల కుళాయి నీళ్లు వేరు, మనవి వేరు. కాబట్టి అవ్వతో కొట్లాడొద్దు. విత్తనం మారితే ఎరువు మోతాదు మారదా, అట్లే ఇది కూడా మారింది అని చెప్తే ఇంటాది.

బిడ్డను చూసినా తెలుస్తాది. మెడ నిలబెడతాడు, ఆనుకొని కూర్చుంటాడు, మనం తింటుంటే గిన్నెకు చెయ్యి చాపుతాడు, నోట్లో పెట్టింది నాలుకతో బయటికి తోయడు. పండ్ల కోసం కాచుకొని కూర్చోవద్దు, చిగుళ్లతోనే మెదుపుకుంటాడు.

ఏం పెట్టాలి అంటే మన ఇంట్లో ఉండేదే. ఉగ్గు అనే మాట మన పెద్దోళ్లదే కదా. కొర్ర బువ్వ, బియ్యం బువ్వ, కందిపప్పు, పెసరపప్పు, ఆకుకూర మెదిపి కొంచెం నెయ్యి. రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి పట్టించిన పిండి ఇంకా మేలు. మొలకెత్తించిన పిండితో జావ జిగురు పట్టదు, అందుకని ఎక్కువ పిండి వేసినా మింగడం సులువు. మన ఇండ్లల్లో జరిగే పెద్ద తప్పు నీళ్ల జావ, పప్పు కట్టు. బిడ్డ కడుపు పిడికెడు. దాన్ని నీళ్లతో నింపితే బలం ఏడ నుంచి వస్తాది? చెంచా వంచితే కారిపోకుండా ఉండాల, అంత చిక్కన. మొదట రెండు మూడు చెంచాలు, రోజుకు రెండుసార్లు. తర్వాత పెంచుకుంటూ పోయి తొమ్మిది నెలలకు రోజుకు మూడు నాలుగుసార్లు అరగిన్నె. గుడ్డు పెట్టొచ్చు, బాగా ఉడికించి మెదిపి. ఏడాది లోపల తేనె మాత్రం నాకించొద్దు, దానిలో ఉండే ఒక రకం క్రిమి పసిబిడ్డ పేగులో విషం పుట్టిస్తాది. టీ అసలు వద్దు, తిన్న ఇనుమును ఒంటికి పట్టనీయదు. పాలు ఆపొద్దు, రెండేండ్లు దాటినా ఇయ్యొచ్చు.

బుడ్డల రైతులం కాబట్టి ఇది చెప్పకుండా పోలేను. విదేశాల్లో వేరుశనగ అంటే ప్రాణం మీదికి వచ్చే పిల్లలున్నారు, ఒక్క గింజకే ఊపిరి ఆడదు. అక్కడి డాక్టర్లు చాలా ఏండ్లు పసిపిల్లలకు వేరుశనగ చూపించొద్దు అన్నారు. లండన్‌లో ఒక పరిశోధన చేసినారు, 2015లో బయటపెట్టినారు. ఆ ప్రమాదం ఎక్కువగా ఉన్న 640 మంది పసిపిల్లలను తీసుకొని, సగం మందికి వేరుశనగ ఆహారం పెడుతూ వచ్చినారు, సగం మందికి అయిదేండ్లు వచ్చేదాకా పెట్టలేదు. పెట్టని వాళ్లలో నూటికి 17 మందికి ఆ జబ్బు వచ్చింది. పెట్టిన వాళ్లలో నూటికి ముగ్గురికే. భయపడి దాచిపెట్టిందే చెడు చేసింది. కాబట్టి ఆరు నెలలు నిండినాక వేయించి, మెత్తగా పొడి కొట్టి, బువ్వలో కలిపి కొంచెం పెట్టొచ్చు. ఒళ్లంతా గజ్జి మాదిరి పొక్కులుండే బిడ్డకైతే ముందు డాక్టరును అడగండి. గింజ గింజగా మాత్రం అయిదేండ్ల లోపల ఇయ్యొద్దు, గొంతులో అడ్డం పడితే ఆదోని ఆసుపత్రికి పోయేదాకా కూడా ఆగదు. బూజు పట్టిన, ముడుచుకపోయిన గింజ అసలే వద్దు. మార్కెట్లో తీసేసిన గింజలు ఇంటి వాడకానికి తెచ్చుకునే అలవాటు మనకుంది. ఆ బూజు విషం కాలేయానికి పట్టేది.

ఇప్పుడు అసలు మాట. మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకునేది ఎవరు? మనం. ఇద్దరి పేరు మీద తీసుకుంటాం. ఆ డబ్బు చేతిలో పడిన రోజే బిడ్డకు పాలు తప్పి బువ్వ మొదలయ్యే తేదీ ఖాయమైపోతాది. తల్లిని ఎవరూ అడగరు. తర్వాత "పాలు చాలవంట" అని ఆమె మీదికి తోసేస్తాం. తల్లి పొద్దంతా చేన్లో ఉండి, ఎండలో వంగి కోసి, బిడ్డకు ఇయ్యకపోతే పాలు తగ్గకుండా ఏం చేస్తాయి? తాగితేనే ఊరేవి అవి.

అప్పు ఎంతుంటాదో, వాన పడకపోతే చేను ఏమైతాదో నాకు ఎవరూ చెప్పే పని లేదు. సుగ్గికి పోవద్దు అనే పెద్దమాట నేను అనను. కానీ ఇంట్లో ఆరు నెలలు నిండని బిడ్డ ఉంటే అడ్వాన్సు ఒకరి పేరు మీదనే తీసుకోండి. మిరప కోత ఒక్క వారంలో అయిపోయేది కాదు, విడతలు విడతలుగా మార్చి దాటేదాకా ఉంటాది. వినాయక చవితికి పుట్టిన బిడ్డకు మార్చి నడిమికి ఆరు నెలలు నిండుతాయి. తల్లి ఆఖరి విడతకు రావొచ్చు. రెండు నెలల కూలి పోతాది, నిజమే. ఆసుపత్రికి పోతే ఎంత పోతాదో అది కూడా పక్కన రాసుకోండి.

అది కూడా కుదరదు, ఇద్దరూ పోవాల్సిందే అంటే బిడ్డను వదిలిపోవద్దు, ఎత్తుకొని పోండి. మూడు నాలుగు ఇండ్లు కలిసి ఒక అవ్వను వెంట తీసుకపోండి, ఆమె ఖర్చు పంచుకోండి. ఎనిమిదేండ్ల పిల్లను కాపలా పెట్టొద్దు. బడి పిల్లలకు మన జిల్లాలో సీజనల్ హాస్టళ్లున్నాయి, ఆ పిల్లను అక్కడ చేర్పించండి. చంటోళ్లకు మాత్రం అట్లాంటి ఏర్పాటు లేదు. 2005 ఉపాధి హామీ చట్టంలో పనికాడ ఆరేండ్ల లోపు పిల్లలు అయిదుగురుంటే చూసుకునే దానికి ఒక మనిషిని పెట్టాలని రాసినారు. మిరప చేన్లకు అట్లాంటి రాత లేదు. మేస్త్రితో ముందే మాట్లాడుకోవాల, తల్లి పొద్దున, మధ్యాహ్నం ఉయ్యాల కాడికి పోయి రానియ్యాల అని. ఈ మాట మనకు కూడా వర్తిస్తాది. మన చేన్లో పత్తి ఇడిపిచ్చే ఆడోళ్లలో చంటిబిడ్డ తల్లి ఉంటే, ఆ అరగంటకు కూలి కోయకండి.

బాలామృతం ప్యాకెట్టు గురించి కూడా. ఏడో నెల నుంచి మూడేండ్ల దాకా బిడ్డకు అంగన్‌వాడీ నుంచి అది రావాల. దాన్ని ఎనుముకు కుడితిలో కలిపే ఇండ్లు నాకు తెలుసు. తియ్యగా ఉంటాది కాబట్టి అదొక్కటే పెట్టి సరిపెట్టొద్దు, పప్పు బువ్వకు తోడుగా పెట్టండి. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి ఆరేండ్ల దాకా ప్రతి బిడ్డకు అంగన్‌వాడీలో ఆహారం హక్కు. గుంటూరు పక్కకు పోయినంత మాత్రాన ఆ హక్కు పోదు. పోషణ్ ట్రాకర్‌లో పేరును పోయిన ఊరి అంగన్‌వాడీకి మార్చే వీలుంది. టీచరమ్మను పోయే ముందే అడగండి. పోయినాక ఫోన్లో అడిగితే పని కాదు.

బండి ఎక్కే ముందు రోజు సంచిలో తల్లీబిడ్డ కార్డు, ఆధార్ జిరాక్సులు, మూతుండే రెండు గిన్నెలు, ఒక చెంచా, ఉగ్గుగిన్నె, నీళ్లు కాచుకునే దానికి ఒక చిన్న తపేలా, మొలక రాగి పిండి రెండు కిలోలు వేసుకోండి. పాల సీసా వద్దు, చేను గట్టున దాన్ని సరిగ్గా కడగడం ఎవరి వల్లా కాదు.