కుందూలో కలిసే మురుగు: పల్లెలకూ లెక్క చెప్పాలి

నంద్యాల పట్టణం వాడి వదిలిన నీరు చివరికి చేరేది కుందూ నదికే. చామకాలువ, మద్దిలేరు పట్టణాన్ని ఒరుసుకుంటూ వచ్చి ఆ నదిలోనే కలుస్తాయి. అక్కడినుంచి ఆ నీరు గోస్పాడు, కోవెలకుంట్ల ప్రాంతాల మీదుగా దిగువకు పారి, రాజోలి ఆనకట్ట వద్ద కొంత కె.సి. కాలువ ఆయకట్టుకు మళ్ళుతుంది. మిగిలినది కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. పట్టణం పారబోసిన నీటినే పల్లె తన పొలానికి పెట్టుకుంటున్నదన్న మాట. కనుక మురుగునీటి శుద్ధి పురపాలక సంఘం సొంత వ్యవహారమని పల్లెవాసులు ఊరుకోవడానికి వీలులేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం నంద్యాల జనాభా 2 లక్షల 516. మనిషికి రోజుకు 135 లీటర్ల నీరివ్వాలని, అందులో 80 శాతం మురుగై తిరిగి వస్తుందని ఇంజనీర్ల లెక్క. ఆనాటి జనాభాకే రోజుకు 2 కోట్ల 16 లక్షల లీటర్లు! వానాకాలంలో కుందూ పొంగినప్పుడు ఇది ఏ మూలకూ రాదు. ఎండలు ముదిరి, నది పిల్లకాలువ అయినప్పుడే దీని ప్రతాపం తెలుస్తుంది. 2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 351 నదీ భాగాలు కలుషితమైనాయని ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ నుంచి ఆ జాబితాకెక్కిన అయిదింటిలో కృష్ణ, గోదావరి, తుంగభద్ర, నాగావళితో పాటు కుందూ కూడా ఉన్నది. ఆ కలుషిత భాగం మొదలయ్యేది నంద్యాల దగ్గరే.

శుద్ధి కేంద్రం అనగానే ఎన్ని కోట్ల ఖర్చు, ఎంత సామర్థ్యం అన్న మాటలే వినబడతాయి. శిలాఫలకం మీద చెక్కేవీ అవే. అదే మండలి 2020-21 లెక్క చూడండి. దేశంలోని పట్టణాల మురుగు రోజుకు 7,236 కోట్ల లీటర్లు. కట్టిన కేంద్రాల సామర్థ్యం 3,184 కోట్ల లీటర్లు. నిజంగా శుద్ధి అయినది 2,023 కోట్ల లీటర్లే. కట్టడం వేరు, నడపడం వేరు.

నడపడంలో ఉన్న కిటుకు పెద్దదేమీ కాదు. చెత్తను ఊచల జల్లెడ ఆపుతుంది, ఇసుక అడుగున దిగుతుంది. తరువాత మురుగులోకి గాలి ఊదితే సూక్ష్మజీవులు పెరిగి మలినాన్ని తినేస్తాయి. ఆ మడ్డిని తేర్చి, పై నీటికి క్లోరిన్ కలిపి వదలాలి. కరెంటు బిల్లు తగ్గుతుందని గాలి యంత్రాలు ఆపితే ఆ జీవులు చస్తాయి. మడ్డి తీయకపోతే అది నీటితోపాటే బయటికి పోతుంది. క్లోరిన్ మానేస్తే మాత్రం కంటికి ఏమీ కనిపించదు. నీరు తేటగానే ఉంటుంది, రోగం మాత్రం అలాగే ఉంటుంది.

మురుగునీరు పైరుకు బలమని కొందరు రైతులంటారు. అబద్ధం కాదు, అందులో నత్రజని, భాస్వరం ఉన్నాయి. కాని అదే నీటిలో కలరా, టైఫాయిడ్ క్రిములు, నులిపురుగుల గుడ్లు కూడా ఉంటాయి. వరిచేలో చెప్పులు లేకుండా దిగే కూలీకి, పచ్చిగా తినే కొత్తిమీరకు వాటి బెడద ఎక్కువ. ఎరువు లాభం భూమి గలవారికి, రోగం కూలివారికి అయితే ఆ బేరం న్యాయమైనది కాదు.

కేంద్రం పనితీరును కొలవడానికి బి.ఓ.డి. అనే పరీక్ష ఉన్నది. నీటిలోని మలినాన్ని తినడానికి సూక్ష్మజీవులకు ఎంత ప్రాణవాయువు కావాలో అది చెబుతుంది. 27 డిగ్రీల వేడిలో మూడు రోజులుంచి చూస్తారు. 2017 కేంద్ర ప్రకటన నంద్యాల వంటి పట్టణాలకు లీటరుకు 30 మిల్లీగ్రాముల వరకు అనుమతించింది. 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దానిని 10కి దించాలన్నది. వానపడిన మరునాడు నమూనా పట్టుకుపోయి అంకె బాగున్నదంటే నమ్మనక్కరలేదు. లోపలికి వచ్చే నీరు, బయటికి పోయే నీరు ఒకే రోజున, అదీ నడి ఎండాకాలంలో, ముందు చెప్పకుండా పట్టాలి. వచ్చిన మురుగును తొట్లలోకి పంపకుండా పక్క కాలువ గుండా నదిలోకి వదలుతున్నారేమో కూడా చూడాలి.

నమూనా పట్టేటప్పుడు దిగువ గ్రామాల సర్పంచులను పిలవాలి. ఆ నెల అంకెలను, యంత్రాలు ఆగిన గంటలను తెలుగులో రాసి కుందూ గట్టు మీది ప్రతి పంచాయతీ కార్యాలయంలో అంటించాలి. వచ్చే వేసవి లోపునే పురపాలక సంఘం ఈ ఏర్పాటు చేయాలి.